చేర్చడం, దిద్దడం: అనుసంధాన సాఫ్ట్‌వేర్ ఎంపికపై విమర్శనాత్మక పరిశీలన

1. లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
– అనుసంధాన సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో, సంస్థలకు అది ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
– సాఫ్ట్‌వేర్ ఎంపికలో వాడే మార్కుల పట్టిక బలాన్ని, లోపాన్ని విమర్శించగలుగుతారు.
– తెలంగాణ, కర్ణాటక భూరికార్డుల అనుసంధానాన్ని పోల్చి చూడగలుగుతారు.
– మీ సంస్థకు తగిన సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకొనే ముందు అడగవలసిన ప్రశ్నలను తయారు చేసుకోగలుగుతారు.

2. పరిచయం

జహీరాబాద్‌లో ట్రాక్టర్ విడిభాగాలు అమ్మే ఒక మధ్యతరహా దుకాణాన్ని ఊహించుకోండి. అక్కడ బిల్లులు ఒక ప్రోగ్రాంలో, గోదాము నిల్వ మరొక దానిలో, సిబ్బంది జీతాలు ఇంకొక దానిలో ఉంటాయి. కంపెనీకి పెట్టే ఆర్డర్లు కంపెనీ వెబ్‌సైటులో, పన్ను వివరాలు జి.ఎస్.టి. పోర్టల్‌లో, చెల్లింపులు బ్యాంకులో ఉంటాయి. మొత్తం ఆరు వ్యవస్థలు. వీటిలో ప్రతి ఒక్కదాన్నీ మిగిలిన ప్రతిదానితో విడివిడిగా కలపాలంటే 15 లంకెలు కావాలి. వ్యవస్థలు పది అయితే లంకెలు 45 అవుతాయి. ఈ చిక్కును తగ్గించడానికి మధ్యలో నిలబడి, ఒక వ్యవస్థ పంపిన సందేశాన్ని అందుకొని, రెండో వ్యవస్థకు అర్థమయ్యే రూపంలోకి మార్చి, చేరవలసిన చోటికి చేర్చేదే అనుసంధాన సాఫ్ట్‌వేర్.

ఇది పెద్ద కంపెనీల వ్యవహారమని మీరు అనుకోవచ్చు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. జి.ఎస్.టి.లో ఇ-ఇన్‌వాయిస్ నిబంధన 2020 అక్టోబరు 1న 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలయింది. 2023 ఆగస్టు 1 నాటికి అది 5 కోట్లు దాటిన సంస్థల వరకు దిగివచ్చింది. అంటే పట్టణంలోని ఒక టోకు వ్యాపారి కూడా తన బిల్లుల ప్రోగ్రాంను ప్రభుత్వ వ్యవస్థతో కలపక తప్పని స్థితి వచ్చింది.

ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎలా ఎంచుకోవాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ‘ఏది బాగా కలుపుతుంది?’ అన్న ప్రశ్నతో మొదలవుతాయి. ఆ ప్రశ్న రెండోది కావాలని ఈ పాఠం వాదిస్తుంది. మొదటి ప్రశ్న ఇది: కలిపిన తరవాత ఒక తప్పు బయటపడితే, దాన్ని ఎవరు, ఎక్కడ, ఎంత కాలంలో దిద్దుతారు?

3. మార్కుల పట్టిక: బలం, లోపం

సాధారణంగా ఎంపిక సంఘం ఒక పట్టిక తయారు చేస్తుంది. ఎడమవైపు సౌకర్యాలు, పైన కంపెనీల పేర్లు. ఎన్ని రెడీమేడ్ కనెక్టర్లు ఉన్నాయి, సెకనుకు ఎన్ని సందేశాలు మోయగలదు, క్లౌడ్‌లో నడుస్తుందా, లైసెన్సు ఖర్చు ఎంత అన్నవి అంశాలు. ప్రతి అంశానికీ కొన్ని మార్కులు. మొత్తం కూడి, ఎక్కువ వచ్చినవారిని డెమోకు పిలుస్తారు. ప్రభుత్వ టెండర్లలో సాంకేతిక అర్హత దాటినవారిలో తక్కువ ధర చెప్పినవారిని ఎంచుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి.

ఈ పట్టికకు ఒక మంచి గుణం ఉంది. సంఘంలో ఎవరి ఇష్టాయిష్టాలు వారివిగా ఉన్నా, నిర్ణయానికి కాగితం మీద ఒక కారణం మిగులుతుంది. రేపు ఆడిట్‌లో ఎవరైనా అడిగితే చూపించవచ్చు. ఈ గుణాన్ని తక్కువ చేయకూడదు.

అయితే లోపం కూడా అక్కడే ఉంది. పట్టికలో లెక్కపెట్టగలిగిన వాటికే చోటు ఉంటుంది. ‘200 కనెక్టర్లు’ అంటే మార్కులు వేయడం సులువు. ‘మా గోదాము లెక్కకూ బిల్లుల లెక్కకూ తేడా వస్తే ఏది సరైనదిగా తీసుకోవాలి’ అన్న దానికి మార్కులు వేయడం కష్టం, ఎందుకంటే జవాబు సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర లేదు, మన దగ్గరే ఉండాలి. డెమో సంగతి కూడా అంతే. డెమోలో సందేశం బయలుదేరుతుంది, చేరుతుంది, తెరమీద పచ్చని గుర్తు పడుతుంది. పెళ్లిచూపులలో ఇంటి కష్టాలు చెప్పనట్టే, డెమోలో విఫలమైన సందేశాన్ని ఎవరూ చూపించరు.

ఈ రంగంలోని శాస్త్రం వైఫల్యాన్ని మరచిపోలేదని గమనించండి. గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ 2003లో వెలువరించిన ‘ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్’ అనే గ్రంథం సందేశాల నడకను 65 నమూనాలుగా వర్గీకరించింది. చేరలేని సందేశాన్ని విడిగా ఒకచోట భద్రపరచాలన్నది వాటిలో ఒకటి. తపాలా శాఖలో చిరునామా దొరకని ఉత్తరాలకు ఒక ప్రత్యేక కార్యాలయం ఉన్నట్టే ఇది. శాస్త్రం చెప్పిన ఈ మాట ఎంపిక సంఘం బల్ల మీదికి చేరడం లేదన్నదే ఇక్కడి ఫిర్యాదు.

4. ఒకే ఊరు, ఒకే పొలం, రెండు అర్థాలు

తప్పులు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. మొగుడంపల్లినే తీసుకోండి. 2016 అక్టోబరు 11కు ముందు ఆ ఊరు మెదక్ జిల్లా, జహీరాబాద్ మండలంలో ఉండేది. ఆ రోజు తెలంగాణలో జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. జహీరాబాద్ ప్రాంతం సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది, మొగుడంపల్లి స్వయంగా మండల కేంద్రమయింది. ఊరు కదలలేదు, పొలాలు కదలలేదు. కాని కంప్యూటర్ వ్యవస్థలలో జిల్లా కోడు, మండలం కోడు మారవలసి వచ్చింది.

ఇప్పుడు రెండు వ్యవస్థలను కలుపుతున్నారనుకోండి. ఒకదానిలో పాత కోడు, మరొక దానిలో కొత్త కోడు ఉంది. అనుసంధాన సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి? పాతదాన్ని కొత్తదానికి జతచేసే పట్టిక ఒకటి కావాలి. ఆ పట్టికను ఎవరు రాస్తారు? రేపు ఇంకొక మండలం విడిపోతే ఎవరు మారుస్తారు? ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ పట్టిక దానితోపాటు రాదు.

కొలతలు చూస్తే చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరానికి 100 సెంట్లు. మన పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే రెండు ఎకరాల ఇరవై గుంటలని అర్థం, అంటే రెండున్నర ఎకరాలు. దీన్ని అందుకొన్న వ్యవస్థ దశాంశ సంఖ్యగా చదివితే అది 2.2 ఎకరాలవుతుంది. ఎకరాకు 5,000 రూపాయల సాయం లెక్కన రావలసింది 12,500, లెక్కకు వచ్చేది 11,000. తేడా 1,500 రూపాయలు. సందేశం చక్కగా చేరింది, పచ్చగుర్తు పడింది, ఏ యంత్రమూ మొరాయించలేదు. అయినా రైతుకు నష్టం జరిగింది. ఫలానా చోట ఇలా జరిగిందని చెప్పడం లేదు. ఇటువంటి తప్పు ఏ లాగ్‌లోనూ ఎర్రగా కనిపించదని చెప్పడానికే ఈ లెక్క.

5. ధరణి: ఒకే గదిలో రెండు పనులు

తెలుగునేల మీద జరిగిన అనుసంధానాలలో ఎక్కువ కుటుంబాలను తాకినది భూరికార్డులది. కాబట్టి దాన్ని కొంచెం నిదానంగా చూడాలి.

వ్యవసాయ భూమి కొన్నవారు పూర్వం రెండు శాఖల మెట్లు ఎక్కేవారు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు రిజిస్టరు చేయించుకోవాలి. తరవాత తహసీల్దారు కార్యాలయంలో మ్యుటేషన్, అంటే పట్టా మార్పిడి చేయించుకోవాలి. రిజిస్ట్రేషన్ల శాఖలో 1998 నుంచి ‘కార్డ్’ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉన్నా, పహాణీలు రెవెన్యూ శాఖ చేతిలో వేరుగా ఉండేవి. మధ్యలో నెలలు గడిచేవి. ఆ నెలలలో పాత పట్టాదారు పేరే రికార్డులో నిలిచి ఉండేది. అదే భూమిని ఇంకొకరికి అమ్మడానికీ, బల్లకింద చేతులు చాపడానికీ ఆ వ్యవధే అవకాశం.

2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ప్రారంభించిన ధరణి ఈ వ్యవధిని తుడిచివేసింది. అదే సంవత్సరం వచ్చిన కొత్త పాసుపుస్తకాల చట్టం ప్రకారం వ్యవసాయ భూములకు తహసీల్దారే జాయింట్ సబ్‌రిజిస్ట్రారు అయ్యాడు. ముందుగా స్లాట్ తీసుకొని వెళ్తే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే కూర్చుంటలో పూర్తయ్యేవి. అనుసంధానం అన్న మాటకు ఇంతకంటే గట్టి ఉదాహరణ చెప్పడం కష్టం. జిల్లా కేంద్రం దాకా తిరగకుండా మండలంలోనే పని ముగించుకొన్నవారికి అది నిజమైన మేలు. విమర్శ చేసేవారు ఈ మేలును దాచకూడదు.

అయితే ధరణిలోకి ప్రవహించిన సమాచారం ఎక్కడిది? 2017 సెప్టెంబరులో మొదలయిన భూరికార్డుల ప్రక్షాళనలో వచ్చినది. తగాదా లేని భూములను పార్ట్-ఎలో, ఏదో ఒక వివాదమో సందేహమో ఉన్నవాటిని పార్ట్-బిలో చేర్చారు. పార్ట్-బిలో పడిన భూమికి కొత్త పాసుపుస్తకం ఆగింది. 2018 మే 10న మొదలయిన రైతుబంధు సాయం ఆ పాసుపుస్తకం ఆధారంగానే అందేది కాబట్టి సాయమూ ఆగింది. ఒక రికార్డులోని సందేహం మరొక పథకంలో నష్టమయింది. లంకె ఎంత గట్టిగా ఉంటే నష్టం అంత తొందరగా ప్రయాణిస్తుంది.

రెండో విషయం, పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కొత్త రికార్డులో లేకుండా పోయింది. వ్యవస్థలను కలిపేటప్పుడు అందరికీ ఉమ్మడిగా ఒక నమూనా తయారు చేస్తారు. ఆ నమూనాలో చోటులేని వివరం ఆ తరవాతి ఏ వ్యవస్థకూ కనిపించదు. అనుభవదారును నమూనాలో ఉంచాలా వద్దా అన్నది విధాన నిర్ణయం. దాని మీద భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని ఒక కాలమ్‌ను తీసివేయడం సాంకేతికమైన చిన్న మార్పు కాదని మీరు గుర్తించాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. కొత్త చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. మండల స్థాయిలో తప్పు దిద్దే అధికారం దాదాపు లేకుండా పోయింది. పేరులో అక్షరం తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా, దరఖాస్తు పోర్టల్‌లోని ఒక నిర్దిష్టమైన మాడ్యూల్ ద్వారా కలెక్టరు దాకా వెళ్లాలి. ఏ తప్పుకు మాడ్యూల్ లేదో ఆ తప్పుకు దరఖాస్తు చేసే దారి కూడా లేదు. తరవాతి కాలంలో మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా చేర్చుతూ వచ్చారు. పాసుపుస్తకం వివరాల సవరణకు వచ్చిన టి.ఎం.-33 పేరు పల్లెలలో చదువురానివారి నోట కూడా వినిపించేంతగా ప్రచారమయింది. ఒక సాఫ్ట్‌వేర్ మెనూలోని అంకె జనం భాషలో చేరిందంటే, ఆ దారిలో ఎంతమంది నిలబడి ఎదురుచూశారో ఊహించవచ్చు.

2024లో కొన్ని సవరణ అధికారాలను తహసీల్దారు, ఆర్డీవో స్థాయికి దించారు. పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి జాతీయ సమాచార కేంద్రానికి మారింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. దాని చట్టంలో తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీవోకు, ఆర్డీవో ఉత్తర్వు మీద కలెక్టరుకు అప్పీలు చేసుకొనే వీలు కల్పించారు. భూభారతి ఎంత విజయవంతమయిందో తీర్పు చెప్పడానికి ఇంకా కాలం పట్టవచ్చు. అయితే అయిదేళ్ల తరవాత చట్టంలో మళ్లీ చేర్చవలసి వచ్చినది దిద్దుబాటు దారి అన్న విషయం అనుసంధానం చదివేవారు మరచిపోరానిది.

6. సరిహద్దుకు అవతల: టపా పద్ధతి

మొగుడంపల్లి మండలం దాటితే కర్ణాటక. అక్కడ కూడా ఎకరాలు, గుంటలే. భూమి అమ్మకాలూ ఇలాంటివే. అనుసంధానం చేసిన తీరు మాత్రం వేరు.

కర్ణాటకలో పహాణీల కోసం ‘భూమి’, రిజిస్ట్రేషన్ల కోసం ‘కావేరి’, సర్వే కోసం ‘మోజిణి’ అనే మూడు వ్యవస్థలు విడివిడిగా ఉన్నాయి. కావేరిలో వ్యవసాయ భూమి రిజిస్టరు కాగానే ఆ సమాచారం భూమి వ్యవస్థకు వెళ్తుంది. ఆ సందేశాన్ని అక్కడ ‘జె-స్లిప్పు’ అంటారు. సందేశం అందగానే పేరు మారిపోదు. నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అప్పుడు మ్యుటేషన్ పూర్తి చేస్తారు.

ధరణిది ఏకగది పద్ధతి అనుకొంటే, దీన్ని టపా పద్ధతి అనవచ్చు. టపా పద్ధతిలో ఆలస్యం ఉంది. ఎదురుచూసే రోజులలో పాత పేరే రికార్డులో ఉంటుంది, కచేరీ చుట్టూ తిరగడమూ తప్పదు. పాత రికార్డులోని తప్పులను టపా తనంతట తాను దిద్దదు. కాబట్టి ఇది ఉత్తమం, అది అధమం అని పరీక్షలో రాయకండి.

విమర్శకుడిగా చూడవలసింది వేరు. టపా పద్ధతిలో ఆలస్యాన్ని కావాలనే ఒకచోట ఉంచారు. పక్కపొలం రైతు, వాటా అందని చెల్లెలు, అప్పు ఇచ్చిన బ్యాంకు, వీరిలో ఎవరైనా నోరు తెరవడానికి ఆ గడువు పనికివస్తుంది. ఏకగది పద్ధతిలో ఆ గడువును వృథా కాలంగా లెక్కించి తీసివేశారు. మూల రికార్డులు శుభ్రంగా ఉన్నచోట ఏకగది పద్ధతి చక్కగా పనిచేస్తుంది. రికార్డుల మీద నమ్మకం తక్కువ ఉన్నచోట ఆగి అడిగే పద్ధతి మేలు. ఏ పద్ధతి కావాలో తేల్చుకొన్న తరవాతే దానికి తగిన సాఫ్ట్‌వేర్ ఏదన్న ప్రశ్న వస్తుంది. మన సంఘాలు ఈ వరుసను తలకిందులు చేస్తున్నాయి.

వ్యాపారంలో కూడా ఇటువంటి ఆలోచన కనిపిస్తుంది. ఇ-ఇన్‌వాయిస్ పొరపాటున నమోదైతే 24 గంటలలోపు పూర్తిగా రద్దు చేయవచ్చు. గడువు దాటితే పోర్టల్‌లో రద్దు కుదరదు, క్రెడిట్ నోటు ద్వారా సర్దుకోవాలి. అంటే తప్పు జరుగుతుందని ముందే ఊహించి, రెండు దారులు గీసిపెట్టారు. మీ దుకాణం కొనే సాఫ్ట్‌వేర్ ఈ రెండు దారులనూ నడవగలదా? బిల్లు పంపడం ఒక్కటే వస్తే సగం పని వచ్చినట్టు.

7. ఎంపిక సంఘం అడగవలసిన ప్రశ్నలు

మీలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక కార్యాలయంలోనో, మిల్లులోనో, సహకార సంఘంలోనో పనిచేస్తూ చదువుతున్నవారు. రేపు ఎంపిక సంఘంలో కూర్చునే అవకాశం మీకు వస్తుంది. అప్పుడు మార్కుల పట్టిక తెరిచే ముందు ఈ ఆరు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు రాసుకోండి.

(1) ప్రతి వివరానికీ యజమాని ఎవరు? కొనుగోలుదారు చిరునామా బిల్లులలో ఒకటి, బ్యాంకులో ఒకటి ఉంటే ఏది చెల్లుతుంది?
(2) చేరని సందేశం ఎక్కడ ఆగుతుంది? రోజూ దాన్ని చూసే ఉద్యోగి పేరు చెప్పగలమా? ‘సిస్టం చూసుకొంటుంది’ అన్నది జవాబు కాదు.
(3) ఒకే సందేశం రెండుసార్లు వస్తే డబ్బు రెండుసార్లు వెళ్తుందా?
(4) మూలంలో తప్పు దిద్దితే, ఆ తప్పు అప్పటికే చేరిన చోట్లన్నిటికీ దిద్దుబాటు కూడా చేరుతుందా?
(5) ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దాఖలా మిగులుతుందా? ఎస్తోనియా దేశం 2001 నుంచి వాడుతున్న ‘ఎక్స్-రోడ్’ వ్యవస్థలో సమాచారం అంతటినీ ఒకచోట పోయకుండా, ఎవరి రికార్డు వారి దగ్గరే ఉంచి, ఇచ్చిపుచ్చుకొన్న ప్రతి సందేశానికీ సంతకంతో కూడిన దాఖలా ఉంచుతారు.
(6) ఈ సాఫ్ట్‌వేర్‌ను వదిలివేయవలసి వస్తే, మనం రాసుకొన్న కోడుల పట్టికలు, నియమాలు మన చేతికి వస్తాయా?

తరవాత డెమోకు మీరే సరుకు పట్టుకెళ్లండి. పాత మండలం కోడు ఉన్న ఒక చిరునామా, 2.20 అని రాసిన ఒక విస్తీర్ణం, రెండుసార్లు పంపిన ఒకే బిల్లు, 24 గంటలు దాటాక రద్దు చేయవలసిన ఇన్‌వాయిస్, రెండు రకాలుగా రాసిన ఒకే మనిషి పేరు. ఈ అయిదింటినీ పంపించి ఏమవుతుందో చూపమనండి. ఇందులో నెగ్గినవారికే మార్కుల పట్టికలోకి ప్రవేశం ఇవ్వండి. దీనికి మార్కులు వేసి మిగతా వాటితో కూడితే ప్రయోజనం ఉండదు. కనెక్టర్ల సంఖ్య మీద వచ్చిన మార్కులు దిద్దుబాటు లేని లోపాన్ని కప్పివేస్తాయి.

ఇవన్నీ పెద్ద సంస్థలకే సాధ్యమని కొందరు అంటారు. మొదటి రెండు ప్రశ్నలకు కావలసింది ఒక నోటుపుస్తకం, ఒక బాధ్యతగల మనిషి. ఇద్దరు గుమాస్తాలున్న దుకాణంలో కూడా ఇవి కుదురుతాయి. ఇలా అడుగుతూ పోతే పని ఆలస్యమవుతుందని ఇంకొందరు అంటారు. అవుతుంది. కాని ముందు పడే ఆలస్యాన్ని సంఘం భరిస్తుంది, తరవాత పడే ఆలస్యాన్ని కౌంటరు బయట నిలబడినవారు భరిస్తారు. ఈ రెండింటిలో ఏది న్యాయమో ఎంపిక సంఘం ఆలోచించాలి.

8. సారాంశం

అనుసంధాన సాఫ్ట్‌వేర్ వ్యవస్థల మధ్య లంకెల సంఖ్యను తగ్గిస్తుంది, పనిని వేగవంతం చేస్తుంది. అది నిజంతోపాటు తప్పును కూడా అంతే వేగంతో మోస్తుంది. మార్కుల పట్టిక కలిపే శక్తిని కొలుస్తుంది, దిద్దే శక్తిని కొలవదు. ధరణి రెండు శాఖల పనిని ఒకే కూర్చుంటలోకి తెచ్చి మేలు చేసింది, దిద్దుబాటు దారిని ఇరుకు చేసి కష్టం కలిగించింది. కర్ణాటక పద్ధతిలో ఆలస్యం ఉన్నా అభ్యంతరానికి చోటు ఉంది. కాబట్టి సమాచారానికి యజమానిని, తప్పుకు దిద్దుబాటు దారిని ముందు నిర్ణయించి, ఆ తరవాత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలి.

9. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఎనిమిది వ్యవస్థలను ఒకదానితో ఒకటి నేరుగా కలపడానికి ఎన్ని లంకెలు కావాలి?
2. 3.35 అని రాసిన తెలంగాణ భూవిస్తీర్ణాన్ని దశాంశ ఎకరాలలోకి మార్చండి. ఆంధ్రప్రదేశ్‌లో సెంట్ల లెక్కన అదే అంకెకు అర్థం ఎలా మారుతుంది?
3. ఏకగది పద్ధతి, టపా పద్ధతి మధ్య తేడాలను మీ మాటలలో రాయండి. మీరు పనిచేసే సంస్థకు ఏది తగినదో కారణాలతో చెప్పండి.
4. మీ ఊరిలోని ఒక దుకాణాన్నో, సహకార సంఘాన్నో, కార్యాలయాన్నో ఎంచుకొని, అక్కడ తప్పుగా నమోదైన ఒక వివరం దిద్దడానికి ఎన్ని చోట్లకు వెళ్లాలో, ఎన్ని రోజులు పడుతుందో అడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి. దానిని మీ తరవాతి సంపర్క తరగతికి తీసుకురండి.